గెల, బుట్టెడు పళ్ళు ఒకేసారి వచ్చిపడ్డాయి: పొద్దుటి టిఫిన్లోకి ఎలా సర్దుకోవాలి?

పర్లా_కోడలు
పెద్ద పెరడున్న పక్కింటివాళ్ళు నిన్న సాయంత్రం పంపిన సరుకు ఇది. కర్పూర చక్కెరకేళి గెల ఒకటి, 8 అత్తాలు, పై అత్తంలో రెండు కాయలకి మాత్రం పసుపు తిరిగింది. బొప్పాయిలు 3, అందులో ఒకటి పూర్తి పచ్చిది. సీతాఫలాలు 15. జామకాయలు 3 కిలోలు. పంపర పనసలు 2. స్టార్ ఫ్రూట్ ఒక దోసెడు.

ఇంట్లో ఐదుగురం. అత్తయ్యకి షుగరు, మాత్రలు వాడుతున్నారు. మావయ్యకి బీపీ, కొలెస్ట్రాల్. పిల్లాడికి 9 ఏళ్ళు, పండు చూస్తే పరుగు. పొద్దున్నపూట ఇడ్లీ, అట్లు, చోడంబలి (రాగి అంబలి), లేదంటే చుడా-దహి (అటుకులు, పెరుగు). వీటిలోకి ఏ పండు ముందు, ఏది వెనక, మనిషికి ఎంత? కుళ్ళబెట్టి పారబోయడం ఇష్టం లేదు. పైగా మా చెత్తబుట్ట ఉన్నది వాళ్ళ గోడ పక్కనే.

గుణుపురం_గోవిందు
ముందు చెత్తబుట్ట జరపండి.

పెరటిచెట్టు
అన్నీ ఒకే బుట్టలో ఉంటే ఇప్పుడే విడదీయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముగ్గుతున్న పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, పక్కనున్న పచ్చికాయ అది తగిలి తొందరపడుతుంది. బొప్పాయి, సీతాఫలం, అరటి కలిపి ఒకచోట పెడితే మూడో రోజుకి అన్నీ ఒకేసారి మెత్తబడతాయి. గెలలు పారబోసే ఇళ్ళన్నిట్లో జరిగేది ఇదే.

గెల: పై అత్తం ముందు పుట్టింది, కాబట్టి అదే ముందు ముగ్గుతుంది. కింది అత్తానికి నాలుగైదు రోజులు వెనకపాటు ఉంటుంది. ఆ తేడాని మీరు ఇంకా పెంచుకోవాలి. పై రెండు అత్తాలు కోసి గోనెసంచిలో చుట్టి, పసుపు తిరిగిన ఆ రెండు పళ్ళూ అందులోనే పెట్టండి. మిగిలిన గెల గాలాడే చోట, ఎండ తగలకుండా, తాడుకి వేలాడదీయండి. రెండు రోజులకొకసారి పైనుంచి ఒక అత్తం కోసి సంచిలోకి మార్చండి. ఇలా చేస్తే ఒకే గెల 12 నుంచి 15 రోజులు వస్తుంది. పచ్చి అత్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. 13 డిగ్రీల కంటే చల్లబడితే అరటికి దెబ్బ, తర్వాత బయట పెట్టినా సరిగ్గా ముగ్గదు. బాగా ముగ్గినది పెట్టొచ్చు. తొక్క నల్లబడుతుంది గాని లోపల మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది.

సీతాఫలం అన్నిటికంటే తొందర సరుకు. కళ్ళ మధ్య గీతలు వెడల్పై లేత పసుపు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో మెత్తబడుతుంది. గీతలు ఇంకా బిగుసుకుని పచ్చగా ఉంటే బియ్యం డబ్బాలోనో కాగితంలోనో 3 నుంచి 5 రోజులు. గట్టిగా ఉండగా ఫ్రిజ్‌లోకి పోతే నల్లబడి రాయిలా అయిపోతుంది, ఇక ముగ్గడం ఉండదు. వేలితో నొక్కితే లొంగాక మాత్రం ఫ్రిజ్‌లో రెండు రోజులు ఆగుతుంది. చెట్టుమీదే నల్లగా ఎండి గట్టిపడినవి ఏవైనా ఉంటే తెగులు తిన్నవి, ఎన్నాళ్ళు పెట్టినా పండవు, తీసేయండి.

బొప్పాయికి తొడిమ ఎదురు కొసలో పసుపు గీత కనిపిస్తే బయటే కాగితంలో చుట్టి 2 నుంచి 4 రోజులు. పూర్తి పచ్చిదాన్ని పండించాలని చూడకండి, చప్పగా మెత్తబడుతుంది అంతే. అది కూర సరుకు.

జామ దోరగా ఉంటే గుడ్డసంచిలో వేసి ఫ్రిజ్ కింది అరలో వారం. పంపర పనసకి తొందరే లేదు, తొక్క మందం కాబట్టి బయటే మూడు వారాలు నిలుస్తుంది.

రాయగడ_రైలుబండి
పచ్చి బొప్పాయి డాల్మాలో, అదే ఒడియా పప్పుకూరలో వేసేయండి. కందిపప్పు, బొప్పాయి, బంతల కాయ, గుమ్మడి, పైన జీలకర్ర-ఎండుమిర్చి వేయించిన పొడి. మధ్యాహ్నం పని అయిపోతుంది.

తొక్కతీసినోడు
బంతల అంటే మన బొంత అరటికాయ. ఆంధ్రా వైపునుంచి చదివేవాళ్ళ కోసం.

మందులకొట్టు
వరస సంగతి తర్వాత. మావయ్యగారి మాత్రల పట్టీ తీసి పేరు చదవండి. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ ఒకే కుటుంబం, రెండిట్లోనూ ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. కొన్ని మందుల్ని విరగ్గొట్టే ఎంజైమును అవి పేగుల్లోనే ఆపేస్తాయి. ఫలితంగా వేసుకున్న మాత్ర మోతాదు కంటే ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. కొలెస్ట్రాల్ మాత్రల్లో సింవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్. బీపీ మాత్రల్లో నిఫెడిపిన్, ఫెలోడిపిన్. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వాడే టాక్రోలిమస్. వీటితో జాగ్రత్త. పొద్దున్న పండు, రాత్రి మాత్ర అని సర్దుకోవడం కుదరదు, ఆ ఎంజైము కోలుకోవడానికి ఒక రోజు పైనే పడుతుంది.

రెండోది స్టార్ ఫ్రూట్, ఒడియావాళ్ళ కరమంగ. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకి ఇది విషం, మాట పెద్దది చేసి చెప్పడం లేదు. అందులోని కారంబాక్సిన్ అనే పదార్థం కిడ్నీ వడగట్టలేక మెదడుకి పోతుంది. ఎక్కిళ్ళు ఆగకపోవడం, తికమక, ఫిట్స్. డయాలసిస్ మీదున్నవాళ్ళకి ఒక్క కాయ కూడా వద్దు. షుగరు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి కిడ్నీ ఎలా ఉందో క్రియాటినిన్ పరీక్ష చూసుకున్నాకే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పప్పులో ఒకటి రెండు ముక్కలు వేసుకుంటే పరవాలేదు, పరగడుపున గ్లాసులకొద్దీ రసం మాత్రం వద్దు. కిడ్నీకి చెడుపు చేసే ఆక్సలేటు అందులో ఎక్కువ.

పర్లా_కోడలు
పట్టీ చూశాను, అటోర్వాస్టాటిన్. పంపర పనస ఆయనకి కట్. అత్తయ్య క్రియాటినిన్ పోయిన నెల చేయించాం, మామూలుగానే ఉంది. అయినా కరమంగ ఆవిడకి పెట్టను.

బరంపురం_బావ
పేరులో పనస ఉంది గాని పనస కాదు, పులుపుంది గాని నిమ్మ కాదు, పండేమో గాని మందుల చీటీ చూపిస్తే తప్ప తినరాదు. ఇంత గిరాకీ ఏ పండుకీ లేదు.

మందులకొట్టు
బావగారూ, కమలాపండుకి ఆ చీటీ అక్కర్లేదు. మిగతావాళ్ళు పంపర పనస సుబ్బరంగా తినొచ్చు. తెల్ల పొర, తొన మీది పల్చటి తొడుగు రెండూ తీసేయాలి, చేదంతా అక్కడే ఉంటుంది.

చోడంబలి
మనిషికి ఎంత అన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి 2000 కిలోకేలరీల పళ్ళెం చూపించారు. అందులో పండు 100 గ్రాములు, కూరలు ఆకుకూరలతో కలిపి 400. పండు వచ్చిపడింది కదా అని పొద్దున్నే మనిషికి అరకిలో పెడితే టిఫిన్ పక్కకి పోతుంది, పదకొండింటికి మళ్ళీ ఆకలి. ఒక్కరోజు 150 దాకా వెళ్ళినా నష్టం లేదు, అది అట్టు పక్కన ఉండాలి గాని అట్టు బదులు కాదు.

100 గ్రాములంటే: మధ్యరకం జామకాయ ఒకటి. కర్పూర చక్కెరకేళి తొక్క తీశాక రెండు. బొప్పాయి ముక్కలు చిన్న గిన్నెడు. మధ్యరకం సీతాఫలం ఒకటి, గింజలు తొక్క పోను.

కాశీనగర్_కుర్రోడు
షుగరు ఉన్నావిడకి పండెందుకండి, కాకరరసం ఇవ్వండి. తీపి తీపే.

చోడంబలి
తీపి తీపే అనేది సగం మాట. 100 గ్రాముల లెక్క చూడండి. జామలో పిండిపదార్థం 14 గ్రాములు, పీచు 5 పైన. బొప్పాయిలో 11. అరటిలో 23, పీచు రెండున్నర. సీతాఫలంలోనూ 23 దాకా, పీచు 4. అంటే అత్తయ్యగారికి ఈ బుట్టలో మొదటి వరస జామ, బొప్పాయి. అరటి అయితే సగం, సీతాఫలం అయితే సగం, రెండూ ఒకే రోజు కాదు.

జామ కూడా దోరది. మెత్తగా పండి వాసన గుప్పుమనేది పిల్లాడికి. పండుతో పాటు ఇడ్లీల్లో ఒకటి తగ్గించాలి. మూడు ఇడ్లీలు, దానిమీద పండు అంటే ఆ లెక్క పండు ఖాతాలో పడి, పండు పాపం చెడ్డదవుతుంది.

కాశీనగర్_కుర్రోడు
అయితే రసం తీసి ఇస్తే? నమలడం కష్టం కదా పెద్దావిడకి.

పెరటిచెట్టు
జామ రసం వడగడితే పీచు జల్లెట్లో ఉండిపోతుంది, గ్లాసులోకి చక్కెర దిగుతుంది. ఒక్క గ్లాసుకి మూడు కాయలు పడతాయి, మూడు కాయలు నమిలి తినమంటే ఎవరూ తినరు. పళ్ళు సరిగ్గా లేకపోతే గింజల భాగం చెంచాతో తీసేసి కండ మాత్రం సన్నగా తరిగివ్వండి, లేదా బొప్పాయి ఇవ్వండి.

వంశధార_గట్టు
పండు పరగడుపునే తినాలి, టిఫిన్ తర్వాత తింటే కడుపులో పులిసిపోతుంది. మా వైపు అందరూ ఇదే అంటారు.

మందులకొట్టు
కడుపులో ఉండే ఆమ్లానికి పులియబెట్టే సూక్ష్మజీవులు అంత తొందరగా పెరగలేవు. పండు ముందైనా వెనకైనా అరుగుతుంది. షుగరు ఉన్నవాళ్ళకి మాత్రం వెనకే మేలు. పప్పు, పెరుగు, వేరుశనగలాంటివి ముందు లోపలికి వెళ్తే రక్తంలో చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఖాళీ కడుపుతో ఒక్క అరటిపండే తింటే గబుక్కున ఎక్కుతుంది. గ్యాస్, మంట ఉన్నవాళ్ళకి పరగడుపున పంపర పనసలాంటి పుల్లటివి పడవు, అది వేరే సంగతి.

వంశధార_గట్టు
మరి పాలు, పళ్ళు కలపకూడదని ఆయుర్వేదంలో ఉందే?

మందులకొట్టు
ఉంది, విరుద్ధాహారం అంటారు. పాటించేవాళ్ళని మానమనను. కానీ జగన్నాథుడి దేశంలో చుడా, దహి, కదళి కలిపి తినొద్దంటే ఊరుకుంటారా?

తొక్కతీసినోడు
కలపడంలో అసలు ఇబ్బంది వేరే ఉంది. బొప్పాయిలో పపైన్, అనాసలో బ్రొమెలైన్ ఉంటాయి, రెండూ మాంసకృత్తుల్ని కోసే ఎంజైములు. పాలల్లోనో పెరుగులోనో వేసి అరగంట ఉంచితే చేదెక్కుతుంది, పాలు విరుగుతాయి కూడా. పండు పాడైందనుకుని పారేస్తారు. ముక్కలు విడిగా పెట్టుకుని తినేముందు కలిపితే చేదుండదు. అరటికి, జామకి ఈ గొడవ లేదు.

సీతాఫలానిది ఇంకో రకం. వేడి తగిలితే చేదు. మరుగుతున్న పాలల్లో గుజ్జు వేసి బాసుంది చేద్దామనుకుని గిన్నె మొత్తం పాడుచేస్తారు. పాలు మరిగించి, గోరువెచ్చన కూడా కాదు, పూర్తిగా చల్లారాక గుజ్జు కలపాలి. సీతాఫలం కలిపి అట్లు పోయకండి.

గింజలు ఒక్కటి కూడా మిక్సీలో పడకూడదు, విషం. ఆ గింజల పొడి పేల మందని తలకి రాస్తారు కొందరు, కంట్లో పడితే చూపుకే దెబ్బ. గుజ్జు తీయడానికి వెడల్పు కన్నాల జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దండి, గింజ నలగకుండా వస్తుంది. గాలి చొరబడని డబ్బాలో, పైన ఒక చెంచా నిమ్మరసం వేసి గడ్డకట్టిస్తే నెల నిలుస్తుంది.

పర్లా_కోడలు
ఆ సీతాఫలాల కళ్ళ మధ్య తెల్లగా బూజులాగ ఉంది. బూజేనా?

పెరటిచెట్టు
దూదిలాగా ఉండి, గీకితే గులాబీరంగు మైనంలా పాకితే పిండినల్లి. పురుగే, బూజు కాదు. పాత టూత్‌బ్రష్‌తో కుళాయి కింద రుద్దితే పోతుంది, లోపలికి వెళ్ళదు. సబ్బు వద్దు. కడిగాక తుడిచి ఆరబెట్టాలి, తడితో పెడితే గీతల్లో నిజంగానే బూజు పడుతుంది. ఇదొక్కటి తప్ప మిగతా పళ్ళని తినేముందే కడగండి.

ఇంకో సంగతి. పక్షో గబ్బిలమో కొరికిన పండు బుట్టలో ఒకటైనా ఉంటుంది, పెరటి సరుకులో ఎప్పుడూ ఉంటుంది. కొరికిన మేర కోసి మిగతాది తినడం అలవాటు చాలామందికి, అది మానండి. నిపా లాంటి వైరస్‌లు వచ్చే దారి అదే. పళ్ళగాట్లు, గోటిగాట్లు ఉంటే మొత్తం గొయ్యిలో పాతేయండి.

గుణుపురం_గోవిందు
జామకాయలో పురుగు సంగతి ఎవరూ చెప్పలేదేటి? కొరికాక సగం పురుగు కనిపించడం కంటే మొత్తం పురుగు కనిపించడం నయం.

పెరటిచెట్టు
వానాకాలం కాపులో ఎక్కువ, చలికాలం కాపులో తక్కువ. పండు ఈగ తొక్కమీద సూదిమొనంత పొడిచి గుడ్లు పెడుతుంది. ఆ చుక్క చుట్టూ వేలితో నొక్కితే మెత్తగా దిగబడితే లోపల పిల్లలున్నట్టు. ఉప్పునీళ్ళలో నానబెడితే పురుగు బయటికొస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. నాలుగు ముక్కలు కోసి చూసి తినడమే.

అట్లకాడ
ఇక వంట సంగతికొద్దాం. 3 కిలోల జామ అంటే ఐదుగురూ రోజుకో కాయ తిన్నా వారం లోపే అవుతుంది. కానీ నాలుగో రోజుకి మొహం మొత్తుతుంది, కాబట్టి పచ్చడి చేయండి.

దోర జామకాయలు 2, పావుకిలో. గింజలున్న మధ్యభాగం తీసేయండి, గట్టి గింజ మిక్సీలో నలగక ఇసుకలా తగులుతుంది. చెంచాడు నూనెలో జీలకర్ర అర చెంచా, పచ్చిమిర్చి 4, సగం జామముక్కలు 5 నిమిషాలు వేయించండి. మిగతా సగం పచ్చివే కలపండి, వేడికి సి విటమిన్ పోతుంది కాబట్టి సగమైనా దక్కుతుంది. ఉప్పు, చింతపండు గోలీ అంత. నీళ్ళు పోయకుండా బరకగా రుబ్బి ఆవాలు, ఇంగువ పోపు. ఇడ్లీకి, పెసరట్టుకి బాగుంటుంది. పండిపోయిన జామతో చేస్తే జాములా తియ్యగా, జిగురుగా వస్తుంది, మీరు చేసింది తప్పు కాదు, కాయ తప్పు. ఫ్రిజ్‌లో రెండు రోజులు, మూడో రోజు రంగు మారుతుంది.

అరటి మరీ మెత్తబడితే చోడి అట్లు. కర్పూర చక్కెరకేళి 3 (గుజ్జు 150 గ్రాములు), చోడి పిండి ముప్పావు కప్పు, గోధుమపిండి పావు కప్పు, పాలు ముప్పావు కప్పు, ఉప్పు చిటికెడు, ఏలకులు 2. చక్కెర, బెల్లం అక్కర్లేదు. పండు వేళ్ళతో మెదపండి, మిక్సీ వద్దు, జావలా అవుతుంది. 15 నిమిషాలు నాననివ్వాలి, చోడి పిండి నీళ్ళు నెమ్మదిగా పీలుస్తుంది. అరచేయంత అట్టు, సన్నని సెగ, మూత. అంచులు పొడిబారాకే తిప్పాలి. విరిగిపోతుంటే గోధుమపిండి చాల్లేదని, చోడిలో బంక ఉండదు. కింద మాడి పైన పచ్చిగా ఉంటే సెగ ఎక్కువని, పండు తీపి తొందరగా మాడుతుంది. ఒక్కో అట్టుకీ పెనం తుడవండి.

బరంపురం_బావ
కోడిగుడ్డు కొడితే విరగదు.

అట్లకాడ
కార్తీకమాసంలో ఆ సలహా పంచుక (ఒడియావాళ్ళు నీచు ముట్టని, కార్తీక పున్నమితో ముగిసే ఐదు రోజులు) అయ్యాక చెప్పండి బావగారూ.

చోడంబలి
పైన అట్లకాడ గారు సి విటమిన్ అన్నారు కాబట్టి ఒక మాట. చోళ్ళలో, అటుకుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడం కష్టం. సి విటమిన్ తోడుంటే ఎక్కువ పడుతుంది. 100 గ్రాముల జామలో ఆ విటమిన్ 200 మిల్లీగ్రాముల పైనే, బొప్పాయిలో 60 దాకా, అరటిలో 10 లోపు. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65. అంటే చోడంబలి తాగే రోజు పక్కన అరటికంటే సగం జామకాయ నయం. టీ మాత్రం గంట ఆగాక. అంబలి, జామ, వెంటనే టీ అంటే జామ చేసిన పని టీ చెడగొడుతుంది.

రాయగడ_రైలుబండి
రాయగడ, కోరాపుట్ వైపు మిల్లెట్ మిషన్ 2017లో మొదలైనప్పటినుంచి సంతలో మండియా (చోడి) పిండి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతోంది. చుడా-దహి కంటే మండియా జావ నయమంటారా, షుగరు ఉన్నావిడకి?

చోడంబలి
పల్చగా జావ కాస్తే రెండూ దాదాపు ఒకటే, పిండి ఉడికి జారుగా అయ్యేకొద్దీ తొందరగా అరుగుతుంది. రొట్టెగానో అట్టుగానో తింటే కాస్త నయం. చుడా-దహి ఆవిడకి పెట్టాలంటే ఇలా: దళసరి అటుకులు 40 గ్రాములు, రెండుసార్లు కడిగి జల్లెట్లో 10 నిమిషాలు ఉంచాలి. నీళ్ళలో నానబెట్టేయకండి, ముద్దవుతుంది. పల్చటి అటుకులైతే నీళ్ళు చిలకరిస్తే చాలు. పెరుగు 150 గ్రాములు, మొలకెత్తిన పెసలు గుప్పెడు, వేయించిన వేరుశనగలు ఒక చెంచా, అరటిపండు సగం. బెల్లం వద్దు, అరటిపండు ఉన్నదే దాని బదులు. మిగతావాళ్ళకి పండు మొత్తం, కొబ్బరి కోరు.

పర్లా_కోడలు
సోమవారం ఉపవాసం? పొద్దున్నుంచి నక్షత్రం దాకా పళ్ళే. అత్తయ్య మానరు.

మందులకొట్టు
షుగరు మాత్ర ఏది అన్నదాన్ని బట్టి ఉంటుంది. గ్లిమెపిరైడ్‌లాంటివి వేసుకుని తిండి తగ్గిస్తే చక్కెర పడిపోతుంది, చెమట, వణుకు, కళ్ళు తిరగడం. ఆదివారమే డాక్టర్ని అడిగి సోమవారం మోతాదు తేల్చుకోవాలి, మీకు మీరు మానేయొద్దు. పళ్ళు మాత్రమే రోజంతా తింటే ఎక్కుడూ దిగుడూ ఎక్కువ. జామ ముక్కలు, పక్కన పాలో మజ్జిగో, ఉడికించిన వేరుశనగలో. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం.

తొక్కతీసినోడు
పిల్లాడి సంగతి అందరూ మరిచారు. మచ్చలు పడిన అరటిపళ్ళు తొక్క తీసి, వేలెడు ముక్కలు కోసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించండి. తర్వాత డబ్బాలోకి. తొక్కతో గడ్డకట్టిస్తే ఆ తర్వాత ఒలవలేరు. నాలుగైదు గంటలయ్యాక ఆ ముక్కల్ని మాత్రమే మిక్సీలో ఆపి ఆపి తిప్పితే ముందు ఇసుకలా, తర్వాత ఐస్‌క్రీములా తయారవుతుంది. పాలు పోస్తే పల్చబడుతుంది, ఓపిక పట్టండి. పచ్చిదనం ఉన్న పండైతే వగరుగా ఉంటుంది. పైన రెండు చెంచాల ఛతువా (వేయించిన శనగల పిండి, సత్తు) చల్లితే అదే టిఫిన్.

బరంపురం_బావ
పిల్లాడి పేరు చెప్పి ఎవరు తింటారో తెలిసిపోయింది. పంపర పనస తొక్క మాత్రం పిల్లాడికే ఇవ్వండి, సగానికి కోస్తే టోపీ.

కాశీనగర్_కుర్రోడు
గెల తొందరగా ముగ్గాలంటే మా వీధిలో పొట్లం పెడతారు. రెండు రోజుల్లో బంగారంలా.

పెరటిచెట్టు
ఆ పొట్లంలో ఉండేది కాల్షియం కార్బైడ్. దాంతో పళ్ళు ముగ్గించి అమ్మడం 2011 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషేధం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి. దాంతో తొక్క బంగారంలా అవుతుంది, లోపల గట్టిగా చప్పగా ఉంటుంది. ఇంట్లో గోనెసంచి, ఒక ముగ్గిన పండు చాలు. డ్రమ్ములో అగరొత్తుల పొగ పెట్టే పద్ధతీ పనిచేస్తుంది గాని మసి, వాసన పడతాయి, ఇంటివాడకానికి అంత తొందరేముంది?

పర్లా_కోడలు
ఇవాళ రెండు కొత్త ప్రశ్నలు. కోసిన బొప్పాయి సగం మిగిలింది, ఎంతసేపు? ఇంకో బొప్పాయి తొక్కమీద రూపాయంత నల్లమచ్చ, కొంచెం లోపలికి దిగబడి ఉంది.

పెరటిచెట్టు
కోసిన సగం బయట రెండు గంటలకంటే వద్దు, ఎండాకాలమైతే గంటే. గింజలు తీయకుండా, కోసిన ముఖాన్ని కప్పి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు.

ఆ మచ్చ ఆంత్రాక్నోస్ అనే బూజు తెగులు. ఇవాళే కోయండి, రేపటికి రెట్టింపవుతుంది. మచ్చ చుట్టూ ఒక అంగుళం మేర లోతుగా తీసేసి, మిగతా కండ గట్టిగా, మంచి రంగుతో ఉంటే తినొచ్చు. కల్లు వాసన వస్తే, మచ్చ కింద గింజల దాకా నీళ్ళోడుతుంటే మొత్తం తీసేయాలి. దెబ్బ తగిలిన చోటే ఈ తెగులు ముందు పడుతుంది కాబట్టి బొప్పాయిల్ని ఒకదానిమీద ఒకటి పేర్చకండి, కింద గుడ్డ వేసి విడివిడిగా.

గుణుపురం_గోవిందు
అన్నీ సరే. వాళ్ళ బుట్ట ఖాళీగా తిరిగి పంపుతున్నారా?

పర్లా_కోడలు
అదే ఆలోచిస్తున్నా. వాళ్ళకి పళ్ళు ఇవ్వలేను కదా.

అట్లకాడ
ఆ చోడి అట్లు వేడిగా ఉండగా నాలుగు, జామ పచ్చడి చిన్న గాజుసీసాలో. స్టీలు గిన్నెలో ఇస్తే ఆ గిన్నె వాళ్ళు ఖాళీగా పంపరు, మళ్ళీ ఏదో ఒకటి నింపుతారు.

బరంపురం_బావ
పంపర పనసలు నింపుతారు.